ఎదురొచ్చే మనిషి

పెళ్లయిన రోజుల్లో ఏనాడూ పెట్టని బొట్టును జ్ఞానమణి మొగుడు పోయాక పెట్టింది. అలాంటిలాంటి బొట్టు కాదు, రూపాయి బిళ్లంత. ముంజేతుల నిండా మట్టిగాజులు, మెడలో పసుపుతాడు, కాళ్లకు మెట్టెలు. బనగానపల్లె పక్క పల్లెలో మామిడికాయలు కోసే కూలీల ఇంట పుట్టి, ఆదివారం తప్పకుండా చర్చికి పోయి పాటలు పాడి, గాబ్రియేలు అనే కారు డ్రైవరును చేసుకున్న ఆడమనిషి ఆమె. ఈ వేషం ఆమె కోరి వేసుకున్నది కాదు. వేయించినవాడు వేరే ఉన్నాడు.

వాడు మహానంది. నందికొట్కూరు దిక్కున కంకర మిల్లులు, టిప్పర్లు, రోడ్డు కాంట్రాక్టులు ఉన్న ఆసామి. గాబ్రియేలు తోలింది అతని అన్న కారునే. ఒక పగటిపూట ఆ కారు మీద బాంబులు పడ్డాయి. వెనక కూర్చున్న అన్నా పోయాడు, ముందు కూర్చున్న గాబ్రియేలూ పోయాడు. పేపర్లో అన్న ఫొటో వేశారు. గాబ్రియేలును ఉత్త డ్రైవరని రాశారు, పేరు కూడా లేదు. చేయించింది ఎదుటి వర్గం పెద్ద, కోయిలకుంట్ల పుల్లయ్య అని అందరూ అన్నారు. కొన్నాళ్లకు పుల్లయ్యనూ దారికాచి నరికారు. అది ఎవరు చేయించారని అడిగినవాడూ లేడు, తెలియనివాడూ లేడు. ఆ తర్వాత ఫ్యాక్షన్ పోయిందని చదువుకున్నవాళ్లు రాసుకున్నారు. ఎక్కడికి పోతుంది పాపం! తెల్లచొక్కా తొడుక్కుని టెండర్ల దగ్గర కూర్చుంది.

జ్ఞానమణిని మహానంది ఒక విధంగా ఆదుకున్నాడనే చెప్పాలి. ఆమె కూతురు దీవెనను కర్నూల్లో హాస్టల్లో వేశాడు, పెద్దయ్యాక నర్సింగులో చేర్పించాడు. "నీ బిడ్డ నా బిడ్డమ్మా. నా మనుషులు కండ్లల్లో పెట్టుకోని సూసుకుంటారు" అన్నాడు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు జ్ఞానమణి చేతులు జోడించింది. అది మెడకు వేసిన తాడని తర్వాత గానీ తెలియలేదు.

"పుల్లయ్య కొడుకు భూపేషు ఎప్పుడు యాడికి పోతాండాడో నాకు తెలియల్ల" అన్నాడు మహానంది ఒకరోజు. "వాళ్లింటి ఎదురుగా ఒక సంసారం ఉండల్ల. మొగోన్ని ఒక్కన్నే పెడితే పసిగడ్తారు. మొగుడూ పెండ్లాం అయితే ఎవురూ అడగరు. నీ గాబ్రియేలును పొట్టన పెట్టుకున్న ఇల్లే గదమ్మా అది."

మొగుణ్ణి కూడా అతనే ఇచ్చాడు. పేరు సోమన్న, ఆదోని పక్కవాడు, మహానంది తోటలకు కాపలా ఉండేవాడు. పాత కేసొకటి అతని మెడ మీద వేలాడుతోంది, దాన్ని నడిపించడమూ ఆపడమూ మహానంది చేతిలో ఉంది. భార్యాబిడ్డలకు బెంగళూరులో మేస్త్రీ పని అని చెప్పి వచ్చాడు. వయసులో జ్ఞానమణి కంటే చిన్న. నలుగురిలో "ఏమే, ఇంగా కాలేదా?" అని కసిరేవాడు. తలుపు వేసుకోగానే "నీళ్లు నేను మోస్తా, నువ్వు కూచో అక్కా" అనేవాడు. ఉన్న ఒక్క గదిలో ఆ గోడకు ఆమె, ఈ గోడకు అతను పడుకునేవారు. ఇన్నేళ్లలో అతని చూపు ఒక్కసారి తప్పుగా పడలేదు. తాళి కట్టిన మొగుళ్లలో ఈమాత్రం మర్యాద ఎంతమందికి ఉందో అనుమానమే.

కోయిలకుంట్లలో భూపేష్ గేటుకు ఎదురుగా రేకుల గది అద్దెకు తీసుకుని, బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్మే బండి పెట్టారు. ఆమె పేరు సరోజ అయింది. ఏ కులమని చెప్పమన్నారో ఆ కులమే చెప్పుకున్నారు. లేకుంటే ఆ ఇంటివాళ్లు ఆమె చేతి బొరుగులు ముట్టేవారే కాదు. గేటు కాపలావాళ్లు, డ్రైవర్లు పొద్దున్నే బండి చుట్టూ మూగి మిరపకాయ బజ్జీలు కొరుకుతూ తమకు తెలియకుండానే ఇంటి గుట్టంతా చెప్పేసేవారు. వెనక వీధిలో చర్చి ఉండేది. ఆదివారం పాటలు వినిపిస్తుంటే జ్ఞానమణి ఉల్లిగడ్డలు తరుగుతూ పెదవి కదపకుండా లోపల పాడుకునేది. క్రిస్మస్ నాడు జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుని పడుకునేది. సోమన్న ఆ రోజు బేకరీనుంచి కేకు ముక్క తెచ్చి, దుప్పటి పక్కన పెట్టి, ఏమీ అనకుండా బయటికి పోయేవాడు.

బండి దగ్గర దొరికే కబుర్లకంటే మేలైన దారి ఆ ఇంట్లోనుంచే తెరుచుకుంది. భూపేష్ తల్లి కృష్ణవేణమ్మకు శకునాల పిచ్చి. పిచ్చి అనడం కూడా అన్యాయమేమో. పుల్లయ్య చనిపోయిన పొద్దున ఇంటి ముందర కట్టెలమోపుతో ఒక విధవ ముసలమ్మ ఎదురొచ్చిందట. కాసేపు కూర్చుని పొమ్మని ఈమె మొత్తుకుంటే పుల్లయ్య నవ్వుతూ కారెక్కాడు. ఇంటికి తెచ్చిన మొగుడి శవం ముఖం ఆమె గుర్తుపట్టేటట్టు లేదు. అప్పటినుంచి కొడుకు కారు గేటు దాటాలంటే వీధిలోనుంచి ఒక ముత్తైదువ నీళ్లబిందెతో ఎదురు రావాల్సిందే. కోడలు శివాని ఉంది కదా అంటే ఒప్పుకోదు. "ఇంట్లో ఆడది ఎదురొస్తే అది సాగనంపడం. శకునమంటే బయటినుంచి రావల్ల" అనేది.

కొత్తగా దిగిన సరోజ నుదుటి బొట్టు చూసి ఆమె కళ్లు చల్లబడ్డాయి. "నిన్ను సూస్తే శానా నిండుగా ఉండాది మే. నా కొడుకు పొయ్యేటప్పుడు ఇంగ నువ్వే ఎదురు రావల్ల" అంది. అంతే, భూపేష్ ఎక్కడికి కదలబోయినా ఆ కబురు అందరికంటే ముందు అందేది మహానంది మనిషికే. బిందె ఎత్తుకుని వీధి దాటి ఎదురొచ్చేది ఒక విధవ. ఆమెను చూసి తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకునేది. శకునాల మీద నమ్మకం లేని జ్ఞానమణికి మొదట్లో ఇది నవ్వులాటగానే ఉండేది. పోను పోను ఆ తల్లి ముఖంలోకి చూడలేకపోయేది.

కబుర్లయితే పోయేవి గానీ ఏమీ జరిగేది కాదు. ముందొక బండి, వెనకొక బండి లేకుండా భూపేష్ కదిలేవాడు కాదు. మహానంది విని ఊరుకునేవాడు. ఇది ఇట్లానే గడిచిపోతుందని, దీవెన చదువు అయ్యాక తల్లీబిడ్డలు ఎటైనా వెళ్లిపోవచ్చని జ్ఞానమణి ఆశపడింది. ఈలోగా భూపేష్ కూతురు లక్ష్మీప్రియ ఆమెకు బాగా మాలిమి అయిపోయింది. బడినుంచి వస్తూనే బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చి "సరోజత్తా, కారం లేని బజ్జీ!" అనేది. కారం లేని మిరపకాయ ఎక్కడినుంచి తేవాలి? ఆ పిల్ల కోసం అరటికాయ ముక్కలు అదే పిండిలో ముంచి వేసేది. దీవెన ఆ వయసులో హాస్టల్లో ఉంది. దానికి చేసి పెట్టలేకపోయినవన్నీ దీనికి చేసి పెట్టింది.

మధ్యాహ్నాలు కృష్ణవేణమ్మ టీవీ చూడడానికి పిలిచేది. ఎక్కడిదో సీరియల్, తెలుగులో డబ్బింగు చేశారు. పరాయి దేశం పంపిన వేగులు మొగుడూ పెళ్లాలుగా, పిల్లలతో సహా ఒక వీధిలో కాపురముంటారు. ఇరుగుపొరుగుకు కూరలు పంపుతారు, పేరంటాలకు పోతారు, రహస్యాలు మోసుకుపోతారు. కృష్ణవేణమ్మ శనక్కాయలు ఒలుస్తూ టీవీలో వాళ్లను తిట్టిపోసేది.

"ఈ పక్కిండ్లోళ్లకు కండ్లు లేవా మే? ఇన్నేండ్లు ఎదురుగా ఉంటే కనుక్కోలేరా? నేనైతే మొగం సూసి చెప్తా."

"అవునమ్మా" అనేది జ్ఞానమణి.

"రేపు పట్టుబడితే ఆ పిల్లోళ్ల గతేంది? పాపం, వాళ్లేం చేసినారు?"

జ్ఞానమణి శనక్కాయ పొట్టు చేటలోకి ఎత్తేది. సీరియల్లో వాళ్లకు తుపాకులు ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు, తప్పించుకునే దారి కూడా చూపించారు. ఈమెకు ఇచ్చింది ఒక బొట్టూ, పసుపుతాడూ. ఏం చేసినా దేశం కోసమని వాళ్లు సర్దిచెప్పుకోవచ్చు. కంకర మిల్లుల మహానంది కోసమని ఎవరికి చెప్పుకోవాలి?

ఒక మధ్యాహ్నం ఆ సీరియల్ మధ్యలోనే కృష్ణవేణమ్మ అంది, "రేపు పొద్దున భూపేషు కడపకు పోతాండాడు మే. ఈసారి ఒక్క కారే అంట. ఇంతమందిని ఏసుకోని తిరిగితే జనం నవ్వుతాండారంట. నువ్వు బిన్నే, తెల్లారేసరికి రా." జ్ఞానమణి సోమన్నకు చెప్పింది, సోమన్న ఫోన్లో మహానందికి చెప్పాడు. జమ్మలమడుగు రోడ్డులో శనగచేల మధ్య కల్వర్టు దగ్గర మనుషులు కాచుకుంటారని జవాబు వచ్చింది. జ్ఞానమణికి అన్నం సయించలేదు. గాబ్రియేలును తలుచుకుని గుండె గట్టి చేసుకుంది. భూపేష్ ఏమంత మంచివాడు గనక? ఎందరి పొలాలు కలిపేసుకున్నాడో ఆ వీధికంతా తెలుసు.

తెల్లవారింది. గేటు తీశారు. కారు వెనక సీట్లో కొత్త గౌను వేసుకుని లక్ష్మీప్రియ కూర్చుని ఉంది.

"పాప కూడా పోతాండాదా అమ్మా?" అంది జ్ఞానమణి.

"దాని కండ్లు సూపించేదానికే గదా పోతాండేది! బోర్డు మీద రాసింది కనపల్లేదంటాండాది. నిన్న చెప్పలేదా నీకు? పో, బిందె ఎత్తుకోని రా."

జ్ఞానమణి గదిలోకి పరుగెత్తింది. సోమన్న వెంటనే మహానందికి ఫోను చేశాడు. "కార్లో పిల్ల ఉండాదన్నా" అన్నాడు. "మా అన్న కార్లో ఎవురుండారని వాళ్లు సూసినారా?" అని అటువైపు ఫోను పెట్టేశారు. సోమన్న మోటర్‌సైకిల్ తాళం అందుకున్నాడు.

"అక్కా, నేను మోటర్‌సైకిల్ మీద పోతా. ఆడుండేది నాకు తెలిసినోళ్లే, కాళ్లు పట్టుకోనైనా పంపిచ్చేస్తా. నువ్వు ఎట్లన్నా చేసి కారును రొవ్వంతసేపు ఆపు" అని వెనక సందులోనుంచి వెళ్లిపోయాడు.

ఎట్లా ఆపాలి? ఉన్న నిజమంతా చెప్పేస్తే భూపేష్ మనుషులు తనను అక్కడే నరికినా నరుకుతారు. దానికి ఆమె భయపడలేదు. కానీ తాను నోరు విప్పిందని తెలిస్తే, కర్నూల్లో మహానంది చేతిలో ఉన్న దీవెన గతి ఏమిటి? ఎదురు పోకుండా గదిలోనే ఉండిపోదామా అంటే ఇంకొకతెను పిలుస్తారు. ఆ కారును ఆపగలిగే మాట ఒక్కటే మిగిలింది. తడిచేత్తో బొట్టు తుడిచేసింది. గాజులు రోటికేసి కొట్టుకుంది. పసుపుతాడు తెంపేసి, ఖాళీ బిందెతో వీధి దాటి కారు ముందర నిలబడింది.

"అమ్మా, నేను ముత్తైదువను కాదు. నా మొగుడు సచ్చి శానా ఏండ్లాయ. సోమన్న నా మొగుడు కాదు. ఇన్నేండ్లూ మీకు అబద్ధం చెప్పినా."

కృష్ణవేణమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక వచ్చి రెండు చెంపలూ వాయించింది. "ముండమోసిందాన్ని నా కొడుకుకు ఎదురు పంపినానే! ఇన్నేండ్లు! నా చేతులారా!" అని తన తల తనే బాదుకుంది. కాపలావాళ్లు జ్ఞానమణిని జుట్టు పట్టి ఈడ్చారు. ఉగ్గాని బండిని తిరగేశారు. నిన్నటిదాకా ఆమె చేతి బజ్జీలు తిన్న చేతులే అవి. కార్లోనుంచి లక్ష్మీప్రియ "అత్తను కొట్టొద్దు" అని ఏడుస్తుంటే భూపేష్ పిల్లను ఎత్తుకుని ఇంట్లోకి పోయాడు. గేటు మూసేశారు. జ్ఞానమణికి కావాల్సింది అదే.

చిట్లిన పెదవిని కొంగుతో అదుముకుంటూ బస్టాండుకు నడిచింది. వెనకనుంచి వినరాని మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. పోతే పరువు పోయింది, పిల్ల మిగిలింది. బస్టాండు అరుగు మీద కూర్చుని సోమన్నకు ఫోను చేసింది. "నా మాట వినలేదక్కా, మహానంది చెప్పందే కదలమంటాండారు. కారు రాకపోతే వాళ్లే ఇసుక్కోని పోతారులే" అన్నాడు. "ప్రభువా, స్తోత్రం" అంది జ్ఞానమణి పైకే, ఎన్నో ఏళ్ల తర్వాత.

ఇన్నేళ్లు శకునానికి నిలబడింది గానీ శకునాన్ని నమ్మే మనసు ఎట్లా నడుస్తుందో ఆమెకు తెలియదు. కీడు ఎదురైతే ఆగిపోతారని తెలుసు. ఆ కీడు పట్టుబడి వీధి దాటి పోయిందంటే దానికంటే శుభం ఉండదని తెలియదు. అక్కడ కృష్ణవేణమ్మ కళ్లు తుడుచుకుని, ఇల్లంతా పసుపునీళ్లు చల్లించి, "ఇన్నాళ్ల పీడ ఈపొద్దు ఇరగడయింది నాయనా. ఇంగ నీకు అడ్డం లేదు, డాక్టరు ఉండంగానే పోయి రాపో" అంది. పక్క వీధి కిరాణాకొట్టు ఆయన భార్యను పిలిపించి, నిండుబిందెతో ఎదురు రప్పించి, కొడుకునూ మనవరాలినీ కారెక్కించింది.

జమ్మలమడుగు పోయే బండి ఏదైనా బస్టాండు ముందునుంచే పోవాలి. కారును చూడగానే జ్ఞానమణి లేచి నిలబడింది. అద్దం వెనక ఆ పిల్ల ముఖం కనపడింది. ఆ క్షణంలో దీవెన గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. అయినా కాళ్లు ఆగలేదు. రోడ్డుకు అడ్డంగా పడిపోయింది. డ్రైవరు బ్రేకు వేసి, తిడుతూ దిగాడు. భూపేష్ దిగాడు.

"నేను మహానంది మనిషిని" అంది కింద కూర్చునే. "నా పేరు జ్ఞానమణి. మీ అమ్మ కాడ విని అన్నీ వాళ్లకు చేరవేసేదాన్ని. కల్వర్టు కాడ కాచుకోనుండారన్నా. పోవద్దు. పాప ఉండాది, పోవద్దు."

భూపేష్ అరవలేదు, కొట్టలేదు. కారును బస్టాండు వెనక సందులోకి తిప్పించాడు. ఇంటికి ఫోను చేసి మనుషులను పిలిపించాడు, అందులో ఒకరితో పిల్లను వెనక్కి పంపేశాడు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగాడు. నెమ్మదిగా అడిగేసరికి జ్ఞానమణికి ధైర్యం వచ్చి లోపలున్నదంతా చెప్పేసుకుంది. సోమన్న వాళ్లను పంపించేయడానికే పోయాడని చెప్పింది. అతన్ని ఏమీ చేయొద్దంది. కర్నూల్లో తన కూతురు ఉందని, మహానంది మనుషులు ఏమైనా చేస్తారని, దాన్ని కాపాడమని కాళ్లు పట్టుకుంది. భూపేష్ కాలేజీ పేరు అడిగాడు, పిల్ల పేరు అడిగాడు. ఎవరికో ఫోను చేసి దీవెనను తీసుకు రమ్మన్నాడు. మనుషులు బండ్లలో ఎక్కుతూ, బాంబుల సంచులు సర్దుకుంటూ ఉండగా జవాబు వచ్చింది.

"నీ బిడ్డ మావాళ్ల కార్లో కూచోనుండాది. ఇంగ దానికేం భయం లేదు" అన్నాడు. జ్ఞానమణి కళ్లనీళ్లతో దండం పెట్టింది. అతను ఆమె ఫోను తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇప్పుడు సోమన్నకు ఫోను చెయ్యి. కారు వస్తాండాదని చెప్పు. వాళ్లు ఆడనే ఉండల్ల."

జ్ఞానమణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోనును కిందికి దించింది.

"పాప ఇంటికి పోయింది గదన్నా. మీరూ ఎనక్కి పోండి. వాళ్లే లేచి పోతారు."

"ఈపొద్దు లేచిపోతే రేపు మళ్లా వస్తారు. నా బిడ్డ కార్లో ఉండాదని తెలిసి కూడా కూచున్నోళ్లు వాళ్లు."

"సోమన్నను ఒక్కన్ని రానియ్యన్నా. వానికీ పిల్లోళ్లు ఉండారు."

"బాంబుకు పేర్లు తెలుస్తాయా?" అన్నాడు భూపేష్. "నీ బిడ్డ నా కాడుండాది. మర్సిపోవద్దు. ఫోను చెయ్యి."

స్పీకరు పెట్టించాడు. సోమన్న వెంటనే ఎత్తాడు. వెనక ఎవరో మోటర్‌సైకిల్ స్టార్టు చేస్తున్న చప్పుడు. "అందరూ ఇసుక్కోని లేస్తాండారక్కా. గండం గడిసిపాయ. నేను కూడా బయల్దేరతాండా" అన్నాడు. అతని గొంతులో సంతోషం ఉంది.

పరుగెత్తు సోమన్నా, ఆదోని పొయ్యి నీ పిల్లల్ను సూసుకో అని ఆమె లోపల కేక పెట్టింది. భూపేష్ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"కారు వస్తాండాది" అంది జ్ఞానమణి. "పాప దిగిపోయింది. ఒక్కడే వస్తాండాడు. వాళ్లను ఉండమను."

"నిజంగా పిల్ల దిగిపాయనా?"

"నా కండ్లతో సూసినా."

"అయితే చెప్తా. నువ్వు ఆ బస్టాండులోనే కూచో అక్కా, ఈడ పని అయిపోతానే వచ్చి నిన్ను బస్సెక్కిస్తా" అని సోమన్న వాళ్లను ఆపడానికి గట్టిగా కేకలు వేస్తూ ఫోను పెట్టేశాడు. అతనికి అనుమానమే రాలేదు. ఇన్నేళ్లలో ఆమె చెప్పిన కబురు ఒక్కటీ తప్పు కాలేదు.